కుడికాలు ముందు పెట్టిన దయ్యం

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదు. అయినా కె.ఆర్.పురంలో మెట్రో స్తంభాలు లేచి, వాటి మీదికి రైలు మాత్రం ఇంకా రాని కాలమది. ఈ ఊళ్ళో అంత వెనకటి సంగతిని ఆ రోజులనే అనాలి. స్తంభాల కింద బస్సు గంటసేపు కదలకపోతే, కిటికీకి తల ఆనించిన ఎవరికైనా కలలు వస్తాయి. మాకు మరీ ఎక్కువ వచ్చేవి, ఎందుకంటే మేం చదువుతున్నదే కలలు కనే చదువు: విజువల్ కమ్యూనికేషన్. (మా నాన్న బంధువులతో 'కమ్యూనికేషన్స్' అని మాత్రమే చెప్పేవాడు. వాళ్ళు టెలిఫోన్ల శాఖ అనుకునేవాళ్ళు. ఆయన కాదనేవాడు కాదు.)

ఆఖరి సెమిస్టర్‌లో జట్టుగా ఒక మ్యూజిక్ వీడియో తీసి ఇవ్వాలి. మా జట్టులో ముగ్గురం. డైరెక్టరు రాజమండ్రి నుంచి వచ్చినవాడు. క్యాంటీన్‌లో టీ చల్లారినా 'ఇది నా విజన్‌లో లేదు' అనేవాడు కాబట్టి వాడి పేరు విజన్ అయిపోయింది. నన్ను కామెంటరీ అనేవాళ్ళు. ఎవరైనా కళ్ళనీళ్ళు పెట్టుకోబోతుంటే సరిగ్గా ఆ క్షణంలో ఏదో ఒకటి అని ఏడుపు చెడగొట్టడం నేను సమాజానికి ఉచితంగా చేస్తున్న సేవ. మూడో మనిషి ఈ కన్నడ దేశంలో, కె.ఆర్.పురంలోనే పుట్టిపెరిగిన తెలుగమ్మాయి. మూడేళ్ళలో హాజరు పలకడం తప్ప ఆమె గొంతు మేం వినలేదు, అందుకని మ్యూట్ అనేవాళ్ళం. ఆ మ్యూట్ ఒక సాయంత్రం మా గ్రూపులో మూడు నిమిషాల ఆడియో పెట్టింది. చందమామకే జోలపాడే పాట. మాటలూ బాణీ తనవే. 'నిద్రపోవే చందమామా, నీ బదులు నే మేలుకుంటా' అని మొదలయ్యేది. విన్నాక విజన్ కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. నాకూ కళ్ళు చెమర్చబోయాయి. అందుకే వెంటనే, 'ఈ హెడ్‌ఫోన్స్ చాలా బాగున్నాయిరా' అన్నాను.

చిక్కల్లా ఏమిటంటే, వాళ్ళ నాన్న ఆమెను ఇంట్లో ఎంతసేపైనా పాడనిస్తాడు గాని గడప దాటి పాడనివ్వడు. స్టేజీ మీద గాని, ఫోన్ తెరల్లో గాని ఆమె పాడినట్టు తెలిస్తే అదే రోజు చదువు మానిపించి తన దుకాణంలో కూర్చోబెడతానని చెప్పేశాడట. ఈ సంగతంతా ఆమె మాతో మాట్లాడి చెప్పలేదు, మెసేజ్ పెట్టింది. చివర ఇలా రాసింది: 'ఒక్కసారి నా పాట బయటికి రావాలి. మొహం కనిపించకుండా తీయగలరా?'

విజన్ ఆలోచించిందేమో రాజకుమారి, కోట, హంసలు, పూలవాన. మొహం లేని రాజకుమారిని ఏం చేసుకోవాలి? రెండు రోజులు అన్నం సరిగ్గా తినకుండా తిరిగి, మూడో రోజు వెలిగిపోతూ వచ్చాడు. జుట్టంతా మొహం మీద వేసుకుని తిరిగినా ఎందుకని ఎవరూ అడగని ఆడది లోకంలో ఒక్కతే ఉంది, అది దయ్యం. కాబట్టి పెళ్ళికి ముందే చనిపోయిన రాజకుమారి దయ్యమై పెళ్ళి సింహాసనం మీద కూర్చుని చందమామకు జోల పాడుతుంటుంది. రాజకుమారుడు వచ్చి పువ్వుతో తాకగానే శాపం తీరుతుంది. మొదటి సగం భయం, రెండో సగం అద్భుతం. (రెండు సగాలకూ మధ్య నేను నిద్ర అన్నాను. ఎవరూ నవ్వలేదు.)

సింహాసనం ఎక్కడ తెస్తామన్న బెంగ కూడా విజనే తీర్చాడు. పాత మద్రాసు రోడ్డు పక్కన పెళ్ళిమండపాలు అలంకరించే ఒకాయన గోడౌన్ చూశాడట. ఆషాఢంలో ముహూర్తాలుండవు గనక సింహాసనాలు, కమానులు అన్నీ ఊరికే పడున్నాయి. అక్కడే ఒక రోజు షూటింగ్ చేసుకోమన్నాడు, పైగా పొగ మిషను కూడా ఉందన్నాడు. విజన్ గొప్పగా గోడౌన్ ఫొటో చూపించాడు. మ్యూట్ ఫొటోని చూసింది, మమ్మల్ని చూసింది, ఆ ఏడాదికల్లా పెద్ద సంభాషణ చేసింది.

"అది మా నాయనది."

వేరే చోటు వెతకడానికి టైం లేదు, వీడియో ఇవ్వాల్సింది నాలుగు రోజుల్లో. షూటింగ్ రోజు వాళ్ళ నాన్న ఏదో మండపం చూడటానికి చందాపుర వెళ్తాడనీ, తాళాలు పక్క దుకాణంలో ఇచ్చిపోతాడనీ మ్యూటే కనుక్కుని చెప్పింది. ఆషాఢం జల్లులో, కాలేజీకని ఇంట్లోంచి బయల్దేరి, తన ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న తన గోడౌన్‌కే దొంగలా వచ్చింది.

తలుపులు తెరవగానే మేం గడప మీదే ఆగిపోయాం. ఎర్ర మఖ్మల్ సింహాసనాలు, ఫైబర్ హంసలు, తొండమెత్తిన తెల్ల ఏనుగులు, గుడ్డ గులాబీలు అల్లుకున్న కమానులు, అన్నిటి మీదా సన్నటి దుమ్ము. పైకప్పు రేకుల మధ్య అక్కడక్కడా ప్లాస్టిక్ రేకులున్నాయి. వాటిలోంచి వాన రంగు వెలుతురు నీళ్ళలోకి దిగినట్టు దిగుతోంది. దగ్గర్లో గూడ్సు రైలు వెళ్ళినప్పుడల్లా వేలాడదీసిన గాజు దీపాలన్నీ గుసగుసలాడినట్టు మోగేవి. సముద్రం అడుగున మునిగిపోయిన ఒక రాజ్యం, తప్పిపోయిన పెళ్ళివాళ్ళ కోసం ఇంకా ఎదురుచూస్తున్నట్టుంది. (ఎలుకల వాసన ఒక్కటే ఇది కె.ఆర్.పురమని గుర్తుచేసేది.) మ్యూట్ కర్టెన్ల గుట్టల వెనక తెల్లచీర కట్టుకుని, చేతులకూ పాదాలకూ తెల్ల పౌడర్ పూసుకుని వచ్చింది. దయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉండాలి గనక విజన్ ఆమెకు మడమల వైపు వేళ్ళు కుట్టిన మేజోళ్ళు తొడిగాడు. నాలుగడుగులు వేసి ఆమె హంసను గుద్దుకుంది. ఆ మేజోళ్ళు విజన్ సంచిలోకి తిరిగి వెళ్ళిపోయాయి. రాజకుమారుడిగా ఒప్పుకున్న క్లాసు అందగాడికి జ్వరం రావడంతో ఆ షేర్వాణీ, తలపాగా నాకొచ్చాయి. రెండూ నాకంటే పెద్దవాడికి కుట్టినవి.

అప్పుడే తలుపు దగ్గర దగ్గు వినిపించింది. వాళ్ళ నాన్న. భుజం మీద పొగ మిషను, చేతిలో పులియోగరె (మన పులిహోరే) పొట్లాలు. మ్యూట్ ఒక్క విదిలింపుతో జుట్టంతా మొహం మీదికి లాక్కుంది. విజన్ కెమెరా వెనక్కి తప్పుకున్నాడు, చందాపుర వెళ్ళలేదా అంకుల్ అని నేనే అడిగాను.

"ఈ మిషను ఎవురి చేతికీ ఇచ్చేదిల్లప్పా," అన్నాడాయన. "పోయినసారి ఒకాయప్పకి ఇస్తే పెండ్లికొడుకు మామ పంచెలోకి పెట్టేసినాడు పొగ."

కూతుర్ని తండ్రి నీడ చూసి గుర్తుపడతాడని కథల్లో రాస్తారు. ఆయన ఆమె వైపు చూస్తే కదా. ఆయన చూపంతా సింహాసనం చేతి మీద పడిన గీత మీద ఉంది. అది తుడుచుకున్నాక దయ్యాన్ని చూసి చాలా బాధపడ్డాడు. పెళ్ళి కాకుండా పోయిన పిల్ల అంటున్నారు, పసుపు చీర కట్టాలి గాని తెల్లచీర ఏమిటన్నాడు. హారర్‌లో తెలుపే ఉంటుంది, అది కన్వెన్షన్ అంకుల్ అని విజన్ ఇంగ్లీషు కలిపి చెప్పబోయాడు. 'ఏ ఊరి దయ్యమప్పా అది?' అని ఆయన అడిగిన ప్రశ్నకు మా మూడేళ్ళ సిలబస్‌లో జవాబు లేదు. దయ్యం మాట్లాడదా అని కూడా అడిగాడు. పాత్రలో లీనమై ఉంది, మౌనవ్రతం అన్నాను. ఆయన దండం పెట్టాడు.

అక్కణ్ణుంచి మా హారర్ అంతా పెళ్ళి పద్ధతిలో నడిచింది. దయ్యం సింహాసనం ఎక్కబోతుంటే ఆపి, "యమ్మా దయ్యమా, కుడికాలు ముందర పెట్టి ఎక్కు తల్లీ," అన్నాడు. దయ్యం కుడికాలు ముందు పెట్టింది. తాళి పడనిదే ఎడమపక్క కూర్చోకూడదని ఆమెను నా కుడిపక్కకు జరిపించాడు. పొగ మాత్రం పిండివంటలో నెయ్యిలా పొదుపుగా వదిలేవాడు. విజన్ ఇంకా కావాలంటే, మొత్తం పొగేస్తే నా హంసలు యాడ కనపడతాయి అనేవాడు. పాటేమో స్పీకర్‌లో మోగుతోంది. విజన్ దానికి గుహలో పాడినట్టు ఎంత ప్రతిధ్వని కలిపాడంటే, అది ఆడగొంతని తెలియడమే గొప్ప. ఆయన మధ్యలో ఒకసారి తలూపి, పాట బాగుండాది, ఎవురో మద్రాసు వాళ్ళా అన్నాడు. జుట్టు వెనక ఏం జరిగిందో మాకు కనపడలేదు.

మధ్యాహ్నం అందరికీ పొట్లాలిచ్చి, దయ్యానికి ఆకలి కాదా అని ఒకటి ఆమెకూ పంపాడు. మ్యూట్ హంస వెనక్కి వెళ్ళి అటు తిరిగి తింటోంది. నాకు ఊరుకోవడం చేతకాదు గనక, అంకుల్ మీ ఇంట్లో ఎవరైనా పాడతారా అని అడిగేశాను. విజన్ నా కాలు తొక్కాడు.

"నా బిడ్డ పాడతాది," అన్నాడాయన, పొట్లం మడుస్తూ. "దానికి చెప్పినా, బయట పాడొద్దని. పెండ్లిండ్లలో చూస్తాంటా గదప్పా. ఆర్కెస్ట్రా పిల్ల ప్రాణం పెట్టి పాడతా ఉంటాది, ముందర కూసున్నోడు రసం ఇంకోసారి పోయమంటాడు. ఒక్కడు తలెత్తడు. నా బిడ్డ పాట మింద ఎవురూ రసం అడగకూడదు."

హంస వెనక కాగితం చప్పుడు ఆగిపోయింది. నాకు ఆ క్షణాన అనడానికి ఒక మంచి మాట దొరికింది, రసం గురించి. ఎందుకో అనలేదు.

నాలుగు దాటింది. మిగిలింది ఆఖరి షాట్: పాట మొత్తం ఒక్క బిగిన, రాజకుమారుడు నడిచి రావడం, పువ్వు, శాపవిమోచనం. వెలుతురు రేకుల్లోంచి తేనెలా పలచబడుతోంది. సరిగ్గా అప్పుడే స్పీకర్ గొంతు మూగబోయింది. చార్జింగ్ లేదు, వానకి కరెంటూ పోయింది. పాట మోగిస్తున్న విజన్ ఫోనూ దానితోపాటే ఆరిపోయింది, నాది మధ్యాహ్నమే ఆరింది, మ్యూట్ ఫోన్ బయటికి తీస్తే వాళ్ళ నాన్న గుర్తుపడతాడు. కెమెరా, పొగ మిషను మాత్రం బ్యాటరీ మీద నడుస్తున్నాయి. ఇది నా విజన్‌లో లేదంటూ విజన్ ఏనుగు మీద కూలబడ్డాడు. పొగ వదలడానికి సిద్ధంగా నిలబడ్డ ఆయనకు మా బాధ అర్థం కాలేదు. రోజంతా పాటకు తలాడించింది గదా, దయ్యానికే వస్తుంది గదా పాట, సుమ్నే, ఊరికే అట్లా పాడమనండి అన్నాడు.

నేను మౌనవ్రతం సంగతి గుర్తుచేయబోయాను. కానీ ఆమె సింహాసనం మీద నిటారుగా కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. అప్పటికీ ఒప్పుకోకుండా తల అడ్డంగా ఊపితే సరిపోయేది, ఊపలేదు. పాడటం మొదలుపెట్టింది.

ప్రతిధ్వని లేదు, గుహ లేదు. రేకుల మీద చినుకులు, ఆ చినుకుల కింద ఒక గొంతు. నిద్రపోవే చందమామా అని అంటుంటే నిజంగానే ఎక్కడో ఏదో కళ్ళు మూసుకున్నట్టనిపించింది. మొదటి వరుసకే ఆయన చెయ్యి మిషను మీద బిగుసుకుపోయింది. మీట వదలడం మర్చిపోయాడు. రోజంతా గోరంత గోరంత ఇచ్చిన పొగ ఒక్కసారిగా పొర్లిపోయి హంసల్ని ముంచింది, ఏనుగుల్ని ముంచింది, నన్ను తలపాగాతో సహా ముంచింది. ఎవరికి ఎవరూ కనపడరు. ఆ తెల్లదనంలోంచి పాటొక్కటే తాపీగా నడిచి వస్తోంది. నేను అడుగు వేయాలి, పువ్వుతో తాకాలి. ఎటు వేయాలో తెలియక నిలబడ్డాను. నిలబడి వినడం నాకు అదే మొదటిసారేమో.

పాట అయిపోయింది. పొగ నెమ్మదిగా కిందికి దిగుతుంటే ఆయన సింహాసనం ముందు నిలబడి కనిపించాడు. పెద్ద గొడవ జరగబోతోందని నాకూ విజన్‌కీ తెలుసు. పారిపోవడానికి ఈ షేర్వాణీతో వీలవుతుందా అని నేను లెక్కలు వేసుకుంటున్నాను. ఆయన రెండు చేతులతో ఆమె జుట్టు పక్కకు తీసి, చెవుల వెనక్కి సర్ది, జేబులోంచి రబ్బరు బ్యాండు (గులాబీ కట్టలకు వేసేది) తీసి ముడేశాడు. పౌడరు మీద కన్నీటి గీతలతో మ్యూట్ మొహం ఆ రోజులో మొదటిసారి వెలుతురులోకొచ్చింది.

"మొకం కప్పుకోని పాడితే ఎవురు పాడినారని చెప్పుకునేది?" అన్నాడు.

తర్వాత మా వైపు తిరిగి, ఆమెతో మాట్లాడిన గొంతుతోనే, ఇంకోసారి తీయమన్నాడు. చూస్తే పొగ నీళ్ళు చుక్క కూడా మిగల్లేదు. కాబట్టి మా హారర్ చిత్రం ఆఖరి షాట్‌లో పొగ లేదు, విరబోసిన జుట్టు లేదు, భయం లేదు. జుట్టు ముడేసుకున్న అమ్మాయి ఒకతి తండ్రి ముందు కూర్చుని పాడుతుంది. పరీక్షకు వచ్చినాయన రెండుసార్లు చూసి, ఇంతకీ దయ్యం ఏదయ్యా అని అడిగాడు. శాపం తీరిందండీ అన్నాను. మార్కులు మామూలుగానే వేశాడు.

పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో పాడొద్దన్న మాటను ఆయన ఈ రోజుకీ వెనక్కి తీసుకోలేదు. మ్యూట్ ఇప్పుడు పిల్లల కథలకు, పాటలకు గొంతిస్తుంది. పడుకోబెట్టడానికే వింటారు కాబట్టి ఎవరూ రసం అడిగే భయం లేదు. ఆయన మాత్రం మండపం మాట్లాడుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఫోన్‌లో మా వీడియో పెడతాడట. ఇదే సింహాసనం అని చూపించి, మూడు నిమిషాలూ అయ్యేదాకా వాళ్ళను కదలనివ్వడట.

నేను బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసులో, మంటలు చెలరేగితే మెట్ల మీదుగా ఎలా దిగాలో చెప్పే వీడియోలు తీస్తుంటాను. పని తోచని మధ్యాహ్నాల్లో ఆ పాట పెట్టుకుంటాను. చివర్లో, ఫ్రేము అంచున, వదులు షేర్వాణీలో ఒకడు నిలబడి ఉంటాడు. తలపాగా కనుబొమల మీదికి జారింది. చేతిలోని పువ్వు ఇవ్వడం మర్చిపోయాడు. నోరు కొంచెం తెరిచి ఉంది, అయినా అందులోంచి ఒక్క మాటా రాదు. ఏమైనా అనరా అని తెర ఇవతలి నుంచి అప్పుడప్పుడూ అడిగి చూస్తాను. వాడు నా మాట వినడు. పాట వింటుంటాడు.