సుభాషిణి స్వెట్టర్

బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఆ పల్లెలో స్వెట్టర్ వేసుకున్న మనిషిని ఎవరూ చూడలేదు. మంచు కురిసే రోజుల్లో వేటకు పోయేవాళ్ళు కూడా తలకు తువ్వాలు చుట్టుకుంటే చలి తీరిపోయిందనుకుంటారు. అలాంటి ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్ సుభాషిణి ఐదేళ్ళుగా ఒక స్వెట్టర్ అల్లుతోంది.

మొదలుపెట్టింది కరోనా రోజుల్లో. సెంటర్ మూసేసి ఇంట్లో కూర్చున్నప్పుడు, ఎక్కడో మంచుకొండల్లో ఒక ముసలావిడ గుమ్మంలో కూర్చుని ఉన్ని అల్లుతున్న వీడియో ఆమె ఫోన్‌లోకి వచ్చింది. ఆ వేళ్ళ వాటం చూసి సుభాషిణి పొయ్యి మీద పాలు పొంగించేసింది. వారం తిరక్కుండా చిలకపచ్చ ఉన్ని, రెండు సూదులు తెప్పించుకుంది. భర్త సుధాకర్ ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు కాబట్టి స్వెట్టర్ అతనికే అని తేల్చింది. నిజానికి ఐసు దిమ్మలు లాగి లాగి చెమటతో తడిసి ఇంటికొచ్చే సుధాకర్‌కు చలి అంటే ఏమిటో తెలియదు. "నాకెందుకే" అనబోయి, ఆమె మొహంలో సంతోషం చూసి నోరు మూసుకున్నాడు.

ఆ రెండు నెలల్లో వీపు భాగం ముప్పాతిక వంతు లేచింది. అంతలో సెంటర్ తెరిచారు.

ఇక చూడండి. పొద్దున్నే పిల్లల్ని ఇళ్ళ నుంచి పోగేసుకు రావాలి. గుడ్లు లెక్కపెట్టాలి, బరువులు తూయాలి, ఎత్తులు కొలవాలి. కొలిచింది రిజిస్టర్‌లో రాయాలి, రాసింది మళ్ళీ ఫోన్‌లో ఎక్కించాలి. సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి పట్టుకుని చెరువు కట్ట ఎక్కాలి. బాలింతల ఫొటోలు తీయాలి. ఒకామె కళ్ళు మూస్తుంది, ఇంకొకామె జడ వేసుకోనిదే ఫొటో వద్దంటుంది. ఇంటికొచ్చి వంట చేసి, ఎప్పుడైనా అల్లిక సంచి దింపితే, ఎక్కడ ఆపిందో తెలిసేది కాదు. సూది మీది కుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టేది. తొంభై ఏడు, తొంభై ఎనిమిది అనగానే ఫోన్ మోగేది. "టీచర్, నిన్నటి గుడ్లు ఎక్కించలేదు" అని. మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

ఈలోపు సుధాకర్ లావెక్కాడు. కొలత తీసి చూస్తే వీపు చాలలేదు. "ఊపిరి బిగబట్టి ఉంటాలే" అన్నాడతను పాపం. స్వెట్టర్ వేసుకున్నంతసేపూ ఊపిరి బిగబట్టే మొగుడిని ఊహించుకునేసరికి సుభాషిణికి సూదులు ముట్టాలనిపించలేదు. సంచి మేకుకు ఎక్కింది. మొదట్లో దాన్ని చూస్తే జాలేసేది. తర్వాత భయమేసేది. ఆఖరికి, అప్పిచ్చినవాడు అరుగు మీద కూర్చున్నట్టు, ఆ గోడ వైపు చూడకుండానే వంటింట్లోకి పోవడం అలవాటు చేసుకుంది.

ఊరు మాత్రం మరిచిపోలేదు. రేవుకు తారురోడ్డు ఎప్పుడు వస్తుందని ఎవరైనా అడిగితే, "అది సుభాషిణి స్వెట్టర్‌లే అబ్బయా" అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడ్డ రోజు ఆమె సంచిని మేకు మీంచి తీసి బియ్యం డబ్బా వెనక్కి తోసేసింది.

మొన్న కార్తీకంలో తుపాను పట్టింది. మూడు రోజులు ఈదురుగాలి, ఎడతెగని వాన. రెండో రోజు మధ్యాహ్నం పక్కింటి వెంకటశేషమ్మ గోనెపట్టా కప్పుకుని పరుగెత్తుకొచ్చింది.

"సుభా, మా మేక ఈనిందమ్మే! పిల్ల గజగజా వణికిపోతా ఉండాది. గోనెసంచులన్నీ తడిసిపొయ్యినాయి. ఉన్ని గుడ్డ ఏదన్నా ఉంటే ఇయ్యి!"

"ఈ ఊళ్ళో ఉన్ని ఎక్కడిది అత్తా?"

వెంకటశేషమ్మ బియ్యం డబ్బా వైపు చూసింది. దాచినచోటు కూడా ఊరికి తెలుసన్నమాట.

సుభాషిణి సంచి తీసుకుని పక్కింటికి పోయింది. మేకపిల్ల తడిసిన కుంచెలా ఉంది. కాళ్ళు నిలవడం లేదు. స్వెట్టర్ వీపును దాని చుట్టూ చుట్టబోతే సూది పొట్టకు గుచ్చుకుంటోంది. ఒక్క క్షణం ఆగి, ఐదేళ్ళుగా తొంభై ఎనిమిది కుట్లు మోస్తున్న ఆ సూదిని సర్రున లాగేసింది. పావడా నాడాతో రెండు కట్లు కట్టింది. మిగిలిన ఉండను అలాగే మంచంకోడుకు రెండు చుట్లు చుట్టి కిందపెట్టింది. పిల్ల కాసేపటికి వణుకు మాని, తల్లి పొదుగు వెతుక్కుంది.

నాలుగోరోజు ఎండ కాసింది. అదేరోజు సెంటర్ చూడటానికి సూపర్‌వైజర్ రోజా మేడమ్ వచ్చింది. ఆవిడ ఒక చేత్తో ఫోన్ చూస్తూ, ఇంకో చేత్తో మరో ఫోన్‌లో మాట్లాడే మనిషి.

"బరువులు చెప్పండి టీచర్, నేను ఎక్కిస్తా."

పిల్లలు ఒక్కొక్కరే బరువుల మిషన్ ఎక్కి దిగుతున్నారు. సుభాషిణి రిజిస్టర్‌లోంచి తల ఎత్తకుండా, మిషన్ మీది అంకె మాత్రం ఓరకంట చూసి చదువుతోంది.

"పదమూడు రెండొందలు... పన్నెండు ఎనిమిదొందలు... రెండు కిలోల మూడొందలు."

"రెండు మూడొందలా! మరీ తక్కువ కదా టీచర్," అంది రోజా మేడమ్ ఫోన్‌లోంచి చూపు తిప్పకుండా. "తల్లికి రోజూ గుడ్డు ఇస్తున్నారా?"

"దీనమ్మ గుడ్డు తినదు మేడమ్," అన్నాడు వరుసలో ఉన్న నాలుగేళ్ళ పిల్లవాడు. "ఆకులు తింటాది."

అప్పుడు తలలెత్తారు ఇద్దరూ. మిషన్ మీద మేకపిల్ల నిలబడి ఉంది. నడుముకు నాడా, నాడాకు నాలుగు వేళ్ళ వెడల్పు చిలకపచ్చ అల్లిక. అక్కడి నుంచి ఒక దారం గుమ్మం దాటి వీధిలోకి పోయింది.

సుభాషిణి రిజిస్టర్ పడేసి దారం పట్టుకుని పరుగెత్తింది. దారం వేపచెట్టును రెండు చుట్లు చుట్టింది. ఎవరిదో మోటార్‌సైకిల్ చక్రాల్లోంచి దూరింది. చేపల వేలంపాట సాగే రేకుల షెడ్డులో స్తంభం స్తంభానికీ అడ్డం పడింది. పాట ఆగిపోయింది. పెద్దపెద్ద మనుషులు, దాన్ని తెంపితే టీచరమ్మ ఏమంటుందోనని, గంపలు నెత్తిన పెట్టుకుని ఒక్కో కాలూ ఎత్తి దాటుతున్నారు.

షెడ్డు చివర వల బాగుచేసుకుంటున్న మునెయ్య ఆ దారాన్ని వేలికి చుట్టి పరీక్షగా చూస్తున్నాడు.

"ఇదేనా టీచరమ్మా, అయిదేళ్ళు అల్లినావని చెప్పే స్వెట్టరు?"

"అదే మామా."

"ముడి ఒక్కటన్నా లేదేందమ్మా! ఒక కొస లాగితే అంతా ఊడొస్తాది. ఇట్టాంటి వల ఏస్తే సముద్రంలోంచి దారం ఒక్కటే ఇంటికి తెచ్చుకోవాల."

"మీ వల ఎప్పటికి అవుతాది మామా?" అని అడిగింది సుభాషిణి, ఎందుకడిగిందో ఆమెకే తెలియదు.

మునెయ్య విచిత్రంగా చూశాడు. "వల అయ్యేదేంది? తెగిన కన్ను తెగినట్టు కట్టుకుంటా పోతా. కట్టేటప్పుడు చేతికి బాగుంటాది. అంతే."

సుభాషిణికి నవ్వొచ్చింది. ముందు చిన్నగా, తర్వాత ఆగకుండా. నవ్వుతూ షెడ్డులోనే కూలబడింది. వెంకటశేషమ్మ ఇంటి మంచంకోడు దగ్గర ఒకరు, షెడ్డులో ఇద్దరు, వేపచెట్టు కింద ఒకరు చేరి దారం చుట్టడం మొదలుపెట్టారు. "అయ్యో, అంత కష్టం పోయిందే" అని ఒకరు ఓదారిస్తే, "పోనీ, పోనీ" అంది కళ్ళు తుడుచుకుంటూ. ఐదేళ్ళ తర్వాత ఆమెకు మొదటిసారి భుజాలు తేలికయ్యాయి. బాకీపడ్డ వీపు ఇక లేదు. ఉన్నది టెంకాయంత ఉన్ని ఉండ.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఇరవై కుట్లు ఎక్కించింది. పక్కన నిలబడి సుధాకర్ గొంతు సవరించుకున్నాడు.

"మళ్ళీ నాకేనా?"

"కాదు."

"మరెవరికి?"

"ఎవరికీ కాదు. ఊరికే."

సుధాకర్ పెద్దగా ఊపిరి వదిలి, పొట్టను దాని ఇష్టానికి వదిలేసి, టీ పెట్టడానికి పోయాడు.

ఇప్పుడు రోజుకు నాలుగు వరుసలు. అన్నం ఉడికేలోపు రెండు, సిగ్నల్ కోసం చెరువు కట్ట మీద నిలబడ్డప్పుడు రెండు. ఇరవయ్యే కాబట్టి లెక్క తప్పదు. అల్లిక మూర దాటింది, బార దాటింది. వెంకటశేషమ్మ మఫ్లర్ అంటుంది, సుధాకర్ మొలతాడంటాడు.

పోయిన నెల కావలిలో మీటింగ్‌లో వెనక బెంచీ మీద కూర్చుని అల్లుతుంటే రోజా మేడమ్ చూసింది. కోప్పడుతుందేమోనని సుభాషిణి సూదులు దించింది. ఆవిడ వచ్చి పక్కన కూర్చుని, రెండు ఫోన్లూ బ్యాగులో పడేసి, "మొదటి కుట్టు ఎట్లా వేస్తారు?" అని అడిగింది.

చూపించింది. భోజనాల గంట కొట్టేలోపు ఆవిడ ఆరు కుట్లు వేసింది. అందులో నాలుగు ఊడిపోయాయి.