పంతులమ్మకు మిగిలిన పద్యాలు

ఆ అపార్ట్‌మెంట్లో ఆమెను అందరూ పంతులమ్మ అనే పిలిచేవారు, కట్టుకున్న మొగుడితో సహా. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పొద్దున్నే ఆయన గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుంటుంటే, "ఏమయ్యా లిఫ్టాయనా, ఇవాళ పైకా, కిందికా?" అని అడిగేది. ఆయన రోజూ వినే ఆ మాటకే రోజూ కొత్తగా నవ్వేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. ఆమెకు పద్యాలున్నాయి, ఆయనకు ఆమె ఉంది.

పంతులమ్మ చాలా ఏళ్లు ఒక బళ్లో పాత సాహిత్యం చెప్పింది. ఆ బడి పెద్దలు ముందు కావ్యాల పాఠాలు సగానికి కోశారు, తర్వాత ఒక్క పాఠానికి కుదించారు. చివరికి ఆ ఒక్కటీ చదివినా సరే, చదవకపోయినా సరే అన్నారు. "చదవకపోయినా సరే అనేదాన్ని చెప్పడానికి నేనెందుకండీ?" అని హెడ్మాస్టరు బల్ల మీద తాళాలు పెట్టేసి వచ్చింది. కొన్నాళ్లు ఇంట్లో కూర్చుని గోడలకు పాఠాలు చెప్పుకుంది.

ఇంటి దగ్గర తరగతి మొదలవడం ఆయన చలవే. ఎక్కడో ఒక లిఫ్టు ఆగిపోయి అందులో ఒకావిడ ఇరుక్కుపోయింది. ఆమెకు కంగారుతో ఊపిరాడడం లేదు. లిఫ్టాయన తలుపు అవతల నిలబడి, ఓ చేత్తో పని చేసుకుంటూనే, ఆమె భయపడకుండా ఏదో ఒకటి చెబుతూ పోయాడు. ఆయనకు చెప్పుకోవడానికి ఉన్నదల్లా పెళ్లామే. తలుపు తెరుచుకునేసరికి ఆవిడకు పంతులమ్మ గురించి అంతా తెలిసిపోయింది. ఆవిడకు కవలలు, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు. ఇద్దరినీ బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తోంది. లెక్కలు, సైన్సు తనే చెప్పుకోగలదు. సాహిత్యం దగ్గరకొచ్చేసరికి చేతులెత్తేసింది. ఆ వారమే కవలలను వెంటబెట్టుకొచ్చింది. తర్వాత ఇంకో పిల్ల చేరింది. ఆ పిల్ల ఈత పోటీలకు తయారవుతోంది. పొద్దునా సాయంత్రం కొలనులోనే గడిచిపోతుంది కాబట్టి దానికీ చదువు ఇంట్లోనే. తడి జుట్టుతో వచ్చి కుర్చీ వీపంతా తడిపి వెళ్లేది. పంతులమ్మ దానికి ఈతపిల్ల అని పేరు పెట్టింది.

తరగతి భోజనాల బల్ల దగ్గరే. తెల్లబోర్డు నిలబెట్టడానికి చోటు లేక ఫ్రిజ్‌కి ఆనించేవారు. ఎవరికైనా మంచినీళ్లు కావాలంటే పాఠం మొత్తం పక్కకు జరపాల్సిందే. పద్యం ముందు నోటికి రావాలి, అర్థం తర్వాత. "ముందు నోట్లో వేసుకోండి, నమలడం నేను నేర్పిస్తా" అనేది. ఇక రాయడం దగ్గర మాత్రం జాలి లేదు. 'ఎంతో', 'ఎంతగానో', 'అద్భుతమైన' లాంటి మాటలు కనిపిస్తే చాలు, ఎర్ర పెన్నుతో కొట్టేసేది.

"నీళ్లు నీలంగా ఉన్నాయని రాశావేంటే?" అని ఒకసారి ఈతపిల్లను నిలదీసింది.

"నీలంగానే ఉంటాయి టీచర్."

"గట్టు మీద కూర్చున్నవాళ్లకు అలా ఉంటాయి. నువ్వు తల ముంచినదానివి. నీకెలా ఉంటాయో చెప్పు."

ఈతపిల్ల మూతి ముడుచుకుంది. పద్యాలంటే దానికి పడదు. పంతులమ్మంటే అంతకన్నా పడదని కవలలతో చెప్పేది. అయినా ఒక్క తరగతీ మానలేదు.

ఆ రోజు పాఠం ఒక తల్లి విలాపం. యుద్ధం అయిపోయాక శవాల మధ్య కొడుకును వెతుక్కునే తల్లి. పంతులమ్మకు ప్రాణమైన పద్యాలవి. ఒకటి చదివి, వివరించబోయి, బోర్డు మీద ఏదో రాయడానికి మార్కర్ ఎత్తి ఆగింది. చేతిలోని మార్కర్‌ను చూసింది. పిల్లలకు చూపించింది. "ఇది... ఇది..." అంది.

పిల్లలు ఆట అనుకున్నారు. సరైన మాట కోసం వాళ్లను అలా ఆడించడం ఆమెకు అలవాటే.

"పెన్ను!" అన్నాడు కవలల్లో అబ్బాయి.

"కలం! లేఖిని!" అంది కవలల్లో ఆడపిల్ల, తనకు తెలిసిన పెద్ద మాటలన్నీ తీస్తూ.

"ఆయుధం," అంది ఈతపిల్ల. అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వులోనే మార్కర్ కింద పడింది. పంతులమ్మ కుడిచెయ్యి బల్ల మీద నుంచి జారి వేలాడింది. మూతి ఒక పక్కకు లాగేసింది. ఆమె ఇంకా "ఇది... ఇది..." అంటూనే ఉంది.

పక్షవాతం. చెయ్యి, కాలు కొంత తిరిగొస్తాయన్నారు ఆసుపత్రిలో. మాట సంగతి డాక్టరు లిఫ్టాయన్ని వేరేగా కూర్చోబెట్టి చెప్పింది. "ఆవిడకు మనం చెప్పేవన్నీ అర్థమవుతాయి. చెప్పాలనుకున్నదీ లోపలుంది. బయటికి వచ్చే దారి దెబ్బతింది."

"ఎన్నాళ్లకు బాగవుతుందమ్మా?" అని అడిగాడు లిఫ్టాయన. ఆయన పనిలో అందరూ ఆయన్ని అడిగే ప్రశ్న అదే. 

ఒక ఉదయం ఆయన టీ తెచ్చుకుని వార్డులోకి వస్తుంటే గొంతు వినిపించింది. పద్యం. ఒక్క అక్షరం జారకుండా, విరుపులతో సహా, నిండుగా.  "మా పంతులమ్మ మాట్లాడుతోంది!" అని నర్సు దగ్గరకు, పక్క మంచాల వాళ్ల దగ్గరకు పరుగులు తీశాడు. డాక్టరు వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"మీ పేరేంటండీ?"

పంతులమ్మ పెదాలు కదిలాయి. "ఇది..." అంది. ఆయన్ని చూపించి ఈయన ఎవరు అంటే, "ఇది" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"కంఠతా వచ్చినవి పాటల్లాగా మెదడులో వేరే చోట ఉంటాయి. అవి వస్తాయి. మాటలు రావు," అంది డాక్టరు. "వాటిని చూసి ఆశలు పెట్టుకోకండి."

ఆయన పెట్టుకున్నాడు. ఎవరైనా పెట్టుకుంటారు.

ఇంటికొచ్చాక ఆమె కర్ర పట్టుకుని గోడ వెంబడి నడవగలిగింది. ఆసుపత్రి నుంచి మాట నేర్పే ఆమె వచ్చి బొమ్మల కార్డులు చూపించేది. కుర్చీ. గ్లాసు. గొడుగు. చిన్నపిల్లలకు చూపించే రంగురంగుల బొమ్మలు. ఎన్ని కావ్యాలో నోట్లో నిలుపుకున్న మనిషి గ్లాసు బొమ్మ ముందు చెమటలు కక్కేది. గ్లాసు అనబోతే పద్యం వచ్చేది. ఆపుదామన్నా ఆగేది కాదు. మొదలైతే చివరి పాదం దాకా వెళ్లాల్సిందే.

కవలల తల్లి చూడ్డానికి వచ్చి గుమ్మం బయటే ఆ పద్యం వింది. లోపలికి వస్తూనే పంతులమ్మను వాటేసుకుంది. "ఎంత భయపెట్టారండీ! మళ్లీ ఎప్పుడు మొదలుపెడదాం?"

లిఫ్టాయన కాదనలేకపోయాడు. మర్నాడే బల్ల తుడిచి, బోర్డు ఫ్రిజ్‌కి ఆనించాడు. కవలలు తల్లితో వచ్చారు. ఈతపిల్ల రాలేదు. పంతులమ్మ తల దువ్వించుకుని, ఇస్త్రీ బట్టలు కట్టించుకుని కూర్చుంది. పద్యం చదివింది. ఎప్పటిలాగే ఒళ్లు జలదరించింది వాళ్లకు. తర్వాత ఆడపిల్ల పుస్తకంలో వేలు పెట్టి, "ఈ మాటకు అర్థం ఏంటి టీచర్?" అని అడిగింది.

ఆమె నోరు తెరిచింది. అదే పద్యం మళ్లీ మొదలైంది. అయిపోయింది. పిల్ల ఇంకా వేలు తీయలేదు. మళ్లీ అదే పద్యం. ఈసారి ఆమె ఎడంచేత్తో బల్ల మీద కొడుతోంది, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, గొంతు మాత్రం ఒక్క అక్షరం తప్పకుండా శవాల మధ్య కొడుకును వెతుకుతోంది. అబ్బాయి లేచి గోడకు ఆనుకున్నాడు. తల్లి వాళ్ల పుస్తకాలు సర్దింది.

"కొంచెం కోలుకోనివ్వండి. మళ్లీ వస్తాం," అంది మెల్లగా. రాలేదు. పిల్లలకు కంప్యూటర్లో పాఠం చెప్పే మాస్టారు దొరికాడని తర్వాత తెలిసింది. ఆ తల్లిని తప్పుపట్టడానికీ లేదు. పిల్లల చదువు ఎన్నాళ్లని ఆపుతుంది?

లిఫ్టాయన పనికి వెళ్లక తప్పలేదు. పొద్దున అన్నీ అమర్చి, ఫోన్ ఆమె మెళ్లో తాడుకు కట్టి వెళ్లేవాడు. ఏ అంకె నొక్కినా తనకే వచ్చేలా పెట్టాడు. ఒక మధ్యాహ్నం ఆయన ఎత్తయిన ఆఫీసు భవనంలో, లిఫ్టు షాఫ్టులో వేలాడుతూ కేబుల్ చూస్తుంటే ఫోన్ మోగింది. ఎత్తాడు. పద్యం.

"వింటున్నా పంతులమ్మా!" అని అరిచాడు ఆనందంగా. "పిల్లలొచ్చారా ఏంటి? కానివ్వు, కానివ్వు!" స్పీకర్ పెట్టి తోటి మెకానిక్‌కి కూడా వినిపించాడు. "మా ఆవిడ! చూడు ఎలా చదువుతోందో!" ఆ ఇరుకు గోడల మధ్య పద్యం ఖంగుమని మోగింది. ఇద్దరూ పని ఆపి విన్నారు. అయిపోగానే, "సాయంత్రం వచ్చి మిగతాది వింటా" అని పెట్టేశాడు. మళ్లీ మోగింది. చేతులకు గ్రీజు. ఇంకోసారి మోగింది. 'ఇవాళ హుషారు మీదుంది' అనుకుని నవ్వుకున్నాడు.

సాయంత్రం ఇంటికొస్తే ఆమె బాత్రూమ్ నేల మీద ఉంది. కాలు ఒక తీరుగా తిరిగి ఉంది. గొంతు బొంగురుపోయి, గుసగుసగా, ఇంకా అదే పద్యం చదువుతోంది. ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి పంపారు. అప్పటి నుంచి ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం పెట్టబోతే నోరు బిగించుకునేది. ఆయన పనికి సెలవు పెట్టి ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఏం చేయాలో తెలియక, బాగానే ఉన్న తలుపు గడియకు, కిటికీ రెక్కకు మరమ్మతు చేసేవాడు.

ఒకరోజు ఇక తట్టుకోలేకపోయాడు. "తిట్టవే," అన్నాడు. "నేను వెధవనని తిట్టు. నువ్వు పిలుస్తుంటే పాట వింటున్నట్టు విన్నాను. ఒక్కసారి తిట్టు పంతులమ్మా. నీకు పద్యమే వస్తే పద్యంలోనే తిట్టు."

ఆమె అతికష్టం మీద ఇటు తిరిగింది. ఆయన మొహం చూసింది. ఏదో చెప్పాలని నోరు తెరిచింది. తిట్టాలనో, నీ తప్పు లేదనాలనో, ఆయనకు ఎప్పటికీ తెలియలేదు. పద్యం మొదటి అక్షరం బయటికొచ్చింది. అంతే, ఆమె ఎడంచేత్తో దుప్పటి అంచు లాగి నోట్లో కుక్కుకుంది. ఆయన బలవంతంగా లాగినా వదల్లేదు. పద్యం లోపలే అయిపోయేదాకా అలాగే పళ్లతో పట్టుకుంది.

ఆ తర్వాత పద్యం కూడా మానేసింది. ఇంట్లో గడియారం చప్పుడు, ఆయన సుత్తి చప్పుడు, అంతే.

ఈతపిల్ల వచ్చింది అలాంటప్పుడే. బెల్లు కొట్టి, తలుపు తీయగానే చెప్పులు విడిచి, జుట్టులోంచి నీళ్లు కారుతుండగా నిలబడింది.

"టీచర్ ఉన్నారా అంకుల్?"

"ఎక్కడికి పోతుందమ్మా? కానీ ఎవర్నీ చూడదు."

"నేనేం చూడమనడానికి రాలేదు. నా వ్యాసం దిద్దాలి. ఆ కంప్యూటర్ మాస్టారు ఏం రాసినా బాగుంది అంటారు. అసలు చదువుతున్నారో లేదో."

ఆయన అడ్డు తొలిగాడు. ఆ పిల్ల మంచం దగ్గర స్టూలు మీద కూర్చుని, గోడవైపు తిరిగి ఉన్న వీపుకు చదవడం మొదలుపెట్టింది. వ్యాసం ఆ రోజు గురించే, మార్కర్ కింద పడిన రోజు. అంబులెన్సు ఎలా వచ్చిందో, స్ట్రెచర్ లిఫ్టులో పట్టక నిలువుగా ఎలా ఎత్తారో, అంతా ఉంది. గుమ్మంలో నిలబడ్డ ఆయనకు ఆపేయమనాలనిపించింది. చేతిలో సుత్తి అటూ ఇటూ మార్చుకున్నాడు.

"అప్పుడు నాకు భయం వేయలేదు," అని చదివింది ఈతపిల్ల.

మంచం కమ్మీ మీద టక్‌మని చప్పుడు. పంతులమ్మ ఎడంచేతి వేలి కణుపు.

ఈతపిల్ల తలెత్తింది. మళ్లీ చదివింది. "అప్పుడు నాకు భయం వేయలేదు."

టక్.

"నిజంగానే వేయలేదు టీచర్. నేనే కదా పక్కింటికి పరిగెత్తింది. అడగండి కావాలంటే!"

"కాదు."

లిఫ్టాయన సుత్తి గుమ్మంలోనే పెట్టేసి మంచం దగ్గరికి వచ్చాడు. బొంగురుగా, తుప్పు పట్టినట్టు ఉంది ఆ గొంతు. పద్యం గొంతు కాదు. ఆమె సొంత గొంతు.

ఈతపిల్లకు ఆ విషయం పట్టలేదు. ఉక్రోషంతో దాని మొహం ఎర్రబడింది.  తర్వాత పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసింది. ముక్కు ఎగబీల్చింది.

చాలా కాలం దాకా పంతులమ్మకు తన సొంతానికి ఉన్న మాట అదొక్కటే. ఆయన నీళ్లు కావాలా అని గ్లాసు చూపిస్తే కాదు అనేది, దాహంగా ఉన్నా సరే. గ్లాసు పెట్టేసి వెళ్లబోతే మళ్లీ కాదు అనేది. ఆయన గ్లాసు పట్టుకుని ఆమె మొహం చూస్తూ నిలబడేవాడు. మాట నేర్పే ఆమె ఇంతకన్నా ఎక్కువ రాకపోవచ్చని ఆయనతో వంటింట్లో అంది. ఆయన మళ్లీ షాఫ్టులోకి దిగలేదు. ఇంటికి దగ్గరగా, స్పేర్ పార్టుల గోదాములో పని అడిగి పుచ్చుకున్నాడు. మధ్యాహ్నం వచ్చి అన్నం తినిపించి వెళ్లేవాడు. కొన్ని రోజులు తినేది. కొన్ని రోజులు మళ్లీ గోడవైపు తిరిగేది.

ఈతపిల్ల మాత్రం కొత్త కాగితాలు పట్టుకుని వస్తూనే ఉంది. చదువుతుంది. టక్ అంటుంది. పోట్లాడుతుంది. కొట్టేస్తుంది. "మరి ఏం రాయాలి టీచర్?" అని అడుగుతుంది. పంతులమ్మ నోరు తెరుస్తుంది. ఆ పిల్లకు అందించాల్సిన మాట ఆమె కళ్లల్లో కనిపిస్తూనే ఉంటుంది. నుదుట నరం ఉబ్బుతుంది, ఎడంచెయ్యి దుప్పటిని పిసుకుతుంది. మాట రాదు. పిల్ల కాసేపు చూస్తుంది. తర్వాత పెన్ను మూత కొరుక్కుంటూ తన కాగితం మీదికి తనే వంగుతుంది.