మార్లిస్ ఓక్స్ వెనక టైర్లు

మార్లిస్ ఓక్స్ మా ఊరి బడి బస్సు ముప్పై ఒక్క ఏళ్ళు నడిపింది. మా బర్న్స్‌లో నా ఈడువాళ్ళెవరూ ఆవిడ చేత తిట్లు తినకుండా పెరగలేదు. అందుకే, నలభై ఆరేళ్ళొచ్చి సొంతంగా టైర్ల షాపు నడుపుకుంటున్నా, ఆవిడ లోపలికొస్తే కౌంటరు మీంచి మోచేతులు తీసేస్తాను.

మే నెలాఖర్లో ఒక పొద్దున వచ్చింది. అప్పటికి ఆరు వారాల కిందట ఆవిడ భర్త గార్త్ పోయాడు. పికప్ ట్రక్కు మీద, పడుకోడానికీ వండుకోడానికీ వీలుండే క్యాంపర్ గది ఎక్కించుకుని ఇద్దరూ ఆల్వోర్డ్ ఎడారికి వెళ్ళారు. అక్కడ నిద్రలోనే పోయాడు. ఫోను అందని చోటు. ఆవిడ దుప్పటి కప్పి, కాఫీ గిన్నె కడిగి, తలుపు గడియ వేసి, నూటపది మైళ్ళు తనే నడుపుకుంటూ ఆస్పత్రికి తీసుకొచ్చింది. ఆ రోజునుంచి ఆవిడ ఏడవగా చూసినవాళ్ళు లేరు.

"టైర్లు మార్చాలి కర్ట్. ఏవి వేయాలో నువ్వే చెప్పు. ఇవన్నీ గార్త్ చూసుకునేవాడు," అంది.

బయటికెళ్ళి చూశాను. పైన గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి. ఎవరు చూసినా మంచి టైర్లనే అంటారు. పక్కన అచ్చేసిన తేదీ అంకెలు చూస్తే మాత్రం తొమ్మిదేళ్ళ నాటివి. కిందికి దూరి, వెనక కుడి టైరుని లోపలివైపు తడిమాను. అరచేతంత మేర ఉబ్బి ఉంది. లోపలి దారాలు తెగితే అలా ఉబ్బుతుంది. ఇక ఎప్పుడు పేలుతుందో ఎవరూ చెప్పలేరు.

"మిసెస్ ఓక్స్, ఆ రోజు ఎడారి నుంచి మీరొచ్చింది వీటి మీదేనా?"

"వేరేవి ఎక్కడున్నాయి?"

చూపించాను. ఆవిడ వంగి చూసింది. బండి ఎటూ లాగలేదే అంది, అంతే.

బరువెక్కువై ఉబ్బిందేమోనని, గడ్డి మోపులు తూచే యార్డుకి బండి తీసుకెళ్ళి కాటా మీద పెట్టాం. వెనక ఇరుసు మీద ఉండాల్సినదానికన్నా ఐదువందల పౌండ్లు ఎక్కువుంది. ఎంత గట్టి టైరు వేసినా ట్రక్కు బలం పెరగదని, ముందు బరువు దించాలని చెప్పాను. లోపల ఏముందని అడిగితే, రాళ్ళు అంది.

క్యాంపర్లో సీట్ల కింద పదకొండు బకెట్లున్నాయి. గార్త్ వెళ్ళిన ప్రతి చోటా ఏరుకొచ్చిన రంగురాళ్ళు. ఇద్దరం మోసి షాపు వెనక్కి తెచ్చాం. ఎక్కడ పెట్టమంటారని అడిగాను.

"కంచె పక్కన పోసెయ్యి."

"గార్త్ ఏరినవి కదండీ."

"తెలుసు. పోసెయ్యి."

పోశాను. ఆవిడ ఖాళీ బకెట్లు ఒకదాన్లో ఒకటి పేర్చుకుంటూ నిలబడింది.

తర్వాత టైర్లు చూపించాను. పాతవాటిలాంటివే అయితే మెత్తగా పోతాయి గానీ బరువు అంతంతమాత్రంగా మోస్తాయి. బురదలో పోయే పెద్ద దిమ్మెల టైర్లు చూడ్డానికి దర్జాగా ఉంటాయి, కానీ అంతకన్నా ఎక్కువేమీ మోయవు. మూడోవి సరుకుల వ్యాన్లకి వేసేవి. చక్రాలు కూడా మార్చాలి, బరువు మాత్రం ఇంకా మిగులుండేలా మోస్తాయి.

"కానీ బాగా గట్టివి. ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది," అన్నాను.

"నిజంగా తెలుస్తుందా?"

వేళాకోళమేమో అని మొహంలోకి చూశాను. కాదు.

"తెలుస్తుందండీ."

"అయితే అవే వెయ్యి."

బిగించేదాకా కుర్చీలో కూర్చుంది, పుస్తకమూ తెరవలేదు, ఫోనూ చూడలేదు. ముందు చక్రాలకెంత గాలి, వెనకవాటికెంత అన్నది కాగితం మీద రాసిచ్చాను. పొద్దున్నే బండి కదలకముందే చూసుకోమన్నాను. యాభై మైళ్ళు తిరిగాక నట్లు మళ్ళీ బిగించాలి, రమ్మన్నాను.

మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. కంకర రోడ్డు మీద అల్మరా తెరుచుకుని కప్పులన్నీ కింద పడ్డాయట. గడియ సరిగా పెట్టలేదేమని అలవాటు కొద్దీ గార్త్‌ని కేకేసిందట.

"బండి ఆపి కూర్చున్నాను," అంది. "ఏడుపొస్తుందేమో అనుకున్నాను. ఏమీ రాలేదు. కప్పు ముక్కలు ఏరుకుని వచ్చేశాను."

నేను వంగి నట్లు బిగించాను. రెండు కాస్త తిరిగాయి. ఆ సాయంత్రమే ఆవిడ దక్షిణంగా వెళ్ళిపోయింది.

నవంబరులో ఆవిడ ఆడపడుచు ఐరిస్ మంచు టైర్లు వేయించుకోడానికి వచ్చి కబురు చెప్పింది. మార్లిస్ నెవాడాలో ఒక క్యాంపు మైదానంలో పని చేస్తోంది. వచ్చిన బండ్లకి ఎక్కడ ఆగాలో చూపిస్తుందట, అడ్డంగా పెడితే బస్సులో మమ్మల్ని కసిరినట్టే కసురుతుందట. ఆగస్టులో ఒక రోజు, బట్టలుతికే గదిలో, మిషను తిరుగుతుండగా గంటసేపు ఏడ్చింది. పక్కనున్న ఎవరో ఆడమనిషి ఏమీ అడక్కుండా కూర్చుందట. తర్వాత ఇద్దరూ కలిసి దుప్పట్లు మడతపెట్టారు.

మంచిదే అన్నాను. ఐరిస్ కారుని జాకీ మీద పైకెత్తాను.