కొలువుకెక్కిన రేకు ఎలుగుబంటి

మా అత్త పోయిందన్న కబురు శింగనమల బస్సులో ఉండగా వచ్చింది. నేను పాఠాలు చెప్పే బడి వదిలాక అనంతపురంలో ఇంటికి వస్తున్నాను. ఫోనులో మా ఆయన "అమ్మ పోయిందే" అన్నాడు. పక్కసీటావిడ నీళ్లసీసా చేతికిచ్చేదాకా నేను ఏడుస్తున్నానని నాకే తెలియలేదు. అత్త కోసం కోడలు ఇంత ఏడుస్తుందా అనుకుంటారేమో. పెళ్లయిన కొత్తలో ఎవరైనా ఈ మాటంటే నేనూ నవ్వేదాన్ని.

నాకో పిచ్చి ఉంది. పాతకాలపు జపాన్ రేకు బొమ్మలు పోగుచేస్తాను. కాలేజీ రోజుల్లో పుట్టపర్తిలో ఒక లాడ్జి మూసేస్తూ సామాను అమ్ముతుంటే, డోలు వాయించే ఎలుగుబంటి దొరికింది. తాళంచెవి తిప్పితే ఇప్పటికీ వాయిస్తుంది. ఆ తర్వాత కప్ప, రైలు, సైకిలు తొక్కే పిల్ల చేరాయి. అత్తారింట్లో చీరల పెట్టెకన్నా ముందు వీటి పెట్టె దించాను.

"ఇవన్నీ యాడివిమ్మే?" అన్నది అత్త. చెప్పాను. "సరే, ఎవరి పిచ్చి వాళ్లది" అని వంటింట్లోకి పోయింది.

ఆమె మాటే అంత. కుళాయి నీళ్లొచ్చే రోజున ఆమెకు ఎదురుపడే ధైర్యం మా మామకే ఉండేది కాదు. నేను బడి నుంచి ఆలస్యమైతే మాత్రం తినకుండా కూర్చునేది. అడిగితే ఆకలి కాలేదనేది.

మాకు పిల్లలు కలగలేదు. ఒక ఏడు దసరా నవరాత్రులకు ముందురోజు ధర్మవరం నుంచి మా ఆయన మేనత్త వచ్చి, అద్దాల బీరువాలో బొమ్మలు చూసింది.

"పిల్లల్లేని ఇంట్లో ఆటబొమ్మలు పెట్టుకుంటే ఇంగ పిల్లలు యాడొస్తారు? అశుభం. రేపు పాత సామాన్లోడు వస్తే ఏసేయండి."

మా ఆయన ఫోనులోకి తల దించాడు. అత్త తలెత్తకుండా చిక్కుడుకాయలు తుంచుతూనే ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు బడి నుంచి పెరటి దారిన గదిలోకి వచ్చేసరికి బీరువా ఖాళీ. పెరడంతా వెతికాను. అత్తను అడగలేదు. అడిగితే వచ్చే జవాబు వినలేననిపించింది. హాల్లో అత్త పేరంటాళ్లకు గుగ్గిళ్లు పంచుతోంది. చేయి సాయానికి వెళ్లి, అక్కడే నిలబడిపోయాను. బొమ్మల కొలువులో, దేవుళ్ల కింది మెట్టు మీద, నా ఎలుగుబంటి, కప్ప, రైలు, సైకిలు పిల్ల వరసగా కూర్చున్నాయి.

"దేవుళ్ల దగ్గర ఈ రేకు బొమ్మలేందే?" మేనత్త గొంతు పెంచింది. గుగ్గిళ్లు తింటున్న పేరంటాళ్లు ఇటు తిరిగారు.

"ఏటేటా కొత్త బొమ్మ పెట్టాల గదా వదినా, పెట్టినా" అన్నది అత్త. "కొలువుకెక్కిన బొమ్మను పాత సామాన్లోనికి ఏసేవాళ్లు ఎవురైనా ఉండారా? నువ్వే చెప్పు."

ఇంట్లో మళ్లీ ఎవరూ వాటి జోలికి పోలేదు. అత్తకు నేను కృతజ్ఞత చెప్పబోతే, "పో, దీపంలో నూనె చూడు" అన్నది.

ఈ ఏడు మాకు మైల, కొలువు పెట్టం. అందరిళ్లలో మెట్లు కడుతుంటే నాకు ఆ ఏటి దశమి సాయంత్రమే కళ్లముందుకు వస్తోంది. కొలువు ఎత్తేముందు ఒక బొమ్మను పడుకోబెట్టాలి. ఎప్పుడూ కృష్ణుణ్ణి పడుకోబెట్టే మా అత్త, ఆ రోజు కృష్ణుణ్ణి దాటి కింది మెట్టుకు వంగి, ఎలుగుబంటిని తీసుకుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, కొంగు కప్పింది.

"పండుకో నాయనా, శానా వాయిస్తివి."

పసిబిడ్డను జోకొట్టినట్టు దాని వీపు మీద నెమ్మదిగా తట్టింది. మేమంతా పక్కనే ఉన్నా, చేయి తీయలేదు.