ఉప్పు ఊళ్లో బ్యాటరీ బండి

బ్యాటరీ బండి మాట ఎవరెత్తినా ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. బండి మీద కాదు, దాన్ని మాకు అంటగట్టిన తీరు మీద.

మా తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో, డిగ్నాబాద్‌లో స్థిరపడ్డాం. నాన్న తెల్లారేసరికి పడవ దిగి, చేపలు డీజిల్ ఆటోలో వేసుకుని గరాచర్మలో ఇంటింటికీ తిరిగి అమ్ముకొచ్చేవాడు. ఆ తిరుగుడే మాకు అన్నం పెట్టేది.

ఆటో ముసలిదైపోయింది. షోరూం అతను డీజిల్ రోజులు అయిపోయాయని, రేపు దీవుల్లో అన్నీ కరెంటు బండ్లేనని ఊదరగొట్టాడు. ఈ ఊరికి కరెంటు వచ్చేదే చాలావరకు డీజిల్ పవర్‌హౌస్ నుంచి. పొగ మా వీధిలో కాకుండా ఇంకోచోట లేస్తే గాలి బాగుపడిపోతుందట! అయినా నాన్నకు అతను చూపించిన బ్యాటరీ ఆటో నచ్చింది. చప్పుడే లేదని మురిసిపోయాడు. పాతది అమ్మేసి అది తెచ్చాం.

మా చేపలవాళ్లలో సముద్రం నుంచి రాగానే ముందు ఇంజనుకు స్నానం, తరువాతే మనిషికి. మంచినీళ్లతో కడగకపోతే ఉప్పు ఇనుమును తినేస్తుంది. ఇంట్లో నీళ్లకు కటకటగా ఉన్న రోజైనా ఇంజను వాటా ఇంజనుకే. కొత్త బండికీ నాన్న అదే మర్యాద చేశాడు. రోజూ అమ్మకం అయ్యాక పైపు పట్టి, సీటు కింద మూత కూడా తీసి, లోపలి పెట్టెలూ వైర్లూ శుభ్రంగా కడిగాడు. ఒకరోజు చేపలు ఎక్కించాక బండి కదల్లేదు.

లాగించుకుని షోరూంకి తీసుకెళ్లాం. అతను మూత ఎత్తి చూసి చేతులు దులిపేసుకున్నాడు.

"అందర్ పానీ గయా దీదీ, లోపలికి నీళ్లు పోయాయి. కంపెనీ తప్పు కాదు, మీ ఫాదర్ తప్పు. వారంటీ రాదు."

"ఉప్పు తగిలింది కదేటి బాబూ, కడక్కపోతే కుళ్లిపోద్ది," అన్నాడు నాన్న మెల్లగా.

కొత్త బ్యాటరీ మెయిన్‌లాండ్ నుంచి ఓడలో రావాలట, ఎప్పుడొస్తుందో చెప్పలేడట. పైగా బ్యాటరీతో పాటు ఆయిల్ ఇంజనూ ఉండే హైబ్రిడ్ బండ్లు వస్తున్నాయి, కొన్నాళ్లు ఆగాల్సింది అని సలహా ఒకటి. డీజిల్ పని అయిపోయిందని చెప్పింది ఈ నోరే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చుట్టూ ఉప్పునీళ్లున్న ఊళ్లో, చేపలు మోసే మనిషికి బండి అమ్ముతూ, మూత తీసి కడగొద్దని ఒక్క ముక్క చెప్పడానికి నోరు పడిపోయిందా అని హిందీలోనూ తెలుగులోనూ కడిగేశాను. అతను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. నాన్నే నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

బండి షోరూం వెనకే పడి ఉంది. గరాచర్మ వాళ్లు ఇంకో చేపలతన్ని చూసుకున్నారు. నాన్న చేపలు గట్టు మీదే బేరగాళ్లకు ఇచ్చేస్తున్నాడు. రేపు పడవలకీ బ్యాటరీ మోటార్లే అంటున్నారు. రానీ, వద్దని నేననను. మా బతుకెలా ఉంటుందో చూడకుండా తయారుచేసి, పాడైతే తప్పు మా నెత్తిన రుద్దితే మాత్రం ఊరుకోను.

కానీ నన్ను నిజంగా కాల్చింది షోరూంకి వెళ్లొచ్చిన మర్నాటి పొద్దున. నాన్న వేటనుంచి వచ్చి, పడవ ఇంజను విప్పి గట్టున పెట్టాడు. చేతిలో పైపు ఉంది, నీళ్లు ఇసకలోకి పోతున్నాయి, ఆయన కడగడం లేదు. బుద్ధెరిగిన నాటి నుంచీ ఇంజన్లు కడుగుతున్న మనిషి నా వైపు తిరిగాడు.

"అమ్మా, దీన్ని కడగొచ్చంటావా?"