పెంచలయ్యకు వినపడని పిలుపు

మేము మెట్లు దిగి కంకర మీద నాలుగడుగులు వేశాం. వెనక ఇనుప తలుపు సముద్రపు గాలికి ధడేల్మని మూసుకుంది. ఆ వెంటనే బొగ్గు మిల్లు భవనం లోపల వెలుగు నిండింది. కిటికీలన్నీ ఒక్కసారిగా నారింజ రంగుకు తిరిగాయి. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. అది చెవులకు వినబడిందనడం కంటే ఛాతీకి తగిలిందంటే సరిగ్గా ఉంటుంది. పేలుడు జరిగితే ఊడిపోయేలా వదులుగా బిగించిన గోడ రేకులు సముద్రం వైపు కాగితాల్లా ఎగిరిపోయాయి.

లోపల ఎవరూ లేరు. కాసేపటి ముందు వరకూ అందరం అక్కడే ఉన్నాం.

నేను పత్రికలో చాలా ఏళ్లు పనిచేశాను. ఎక్కడైనా దెయ్యం కనబడిందని వార్త వస్తే, చూసినవాళ్లు అంతకుముందు ఏం తాగారో కనుక్కోమని విలేకరులకు చెప్పేవాణ్ణి. ఇప్పటికీ ఆ మాటే చెబుతాను. అందుకే ఇది రాయడం కష్టంగా ఉంది.

కృష్ణపట్నం రేవుకు కాస్త ఎడంగా ఉన్న ఒక ఇనుము ఫ్యాక్టరీలో మా అక్క కొడుకు సురేష్ షిఫ్టు ఇన్‌చార్జి. ఆయుధపూజకు రమ్మంటే వెంకటాచలంలో కంపెనీ బస్సెక్కి వెళ్లాను.

ఇనుము కరిగించే కొలిమికి వేసే ఖరీదైన కోక్ బొగ్గు ఖర్చు తగ్గించడానికి మామూలు బొగ్గును ముఖానికి రాసుకునే పౌడర్ కన్నా మెత్తగా మిల్లులో పొడి చేసి, గొట్టాల్లో కొలిమిలోకి ఊదుతారు. బొగ్గు ముక్క అంటుకోవాలంటే పొయ్యి ముందు కూర్చుని ఊదుకోవాలి. ఆ పొడి అలా కాదు. గాలిలో మబ్బులా లేచిందంటే ఒక్క నిప్పు చాలు, గదంతా ఒకేసారి మండుతుంది. దూలాల మీద పేరుకున్న పొడి ఇంకా ప్రమాదం. మొదటి చిన్న మంట అదురుకు అదంతా కిందికి రాలి, రెండోసారి అంతకంటే పెద్దగా అంటుకుంటుంది. అందుకే అక్కడ గేటు దగ్గరే అగ్గిపెట్టెలు తీసుకుంటారు.

ఆ రోజు మాత్రం ఒక అగ్గిపెట్టె లోపలికి వచ్చింది, దీపం కోసం. అంతకుముందే మిల్లు తళతళలాడాలని గాలి గొట్టంతో దుమ్మంతా ఊదేశారు. కింద అంతా అద్దంలా మెరిసింది. ఊదిన దుమ్ము పైకి లేచి దూలాల మీద కూర్చుంది. తలెత్తి ఎవరూ చూడలేదు.

"మంట పెట్టొచ్చా ఇక్కడ?" అని అడిగాను.

"మిల్లు ఆపేసినాం కదా మామా, ఇంకేం భయం" అన్నాడు సురేష్.

మిల్లుకు పసుపు కుంకుమ పెట్టారు, నిమ్మకాయల దండ వేశారు. ఫోర్‌మన్ పెంచలయ్య దాని ముందు దీపం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, పళ్లెంలో కర్పూరం పెట్టుకున్నాడు. "హారతిచ్చేటప్పుడు మిల్లుకు దణ్ణం పెట్టండప్పా. పోయినేడు సురేష్ సారు ఫోనుకు పెట్టినాడు" అన్నాడు. అందరూ నవ్వారు.

అప్పుడు నన్నెవరో పిలిచారు.

"చిన్నోడా, ఇట్రా."

గొంతు బయటి నుంచి వచ్చింది. అందులో కంగారు లేదు, కేక లేదు. అన్నానికి పిలిచినట్టు ఉంది. నాకు అరవై దాటాయి. నన్ను ఎప్పుడైనా అలా పిలిచింది మా అక్క ఒక్కతే. ఆమె పోయి చాలా కాలమైంది. ఆ సంగతి అప్పుడు తోచనే లేదు. పిలిచారు కాబట్టి బయలుదేరాను.

తలుపు దగ్గరికి వచ్చేసరికి సురేష్ నా పక్కనే ఉన్నాడు. ఒడిశా నుంచి వచ్చిన ఫిట్టర్ మాకంటే ముందే మెట్లు దిగుతున్నాడు. తక్కినవాళ్లూ వస్తున్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

"హారతి కాకుండానే యాడికయ్యా పొయ్యేది? పులిహోర గానీ వచ్చిందా ఏంది?" అని తిట్టుకుంటూ పెంచలయ్య పళ్లెంతో సహా మా వెంటపడ్డాడు. అందరికంటే చివర దిగింది అతనే. తలుపు మూసుకుంది అతని వెనకే.

రేకులు పడడం ఆగాక, "ఎవరు పిలిచినారు మామా?" అన్నాడు సురేష్. అతనికి వినబడింది "పెద్దోడా" అనట. ఎవరి గొంతో పోల్చుకోలేకపోయాడు. ఫిట్టర్‌కు వాళ్ల భాషలో వినబడింది. మాలో ఇంకెవరికీ ఆ భాష రాదు. తక్కినవాళ్లకూ ఎవరి పిలుపు వాళ్లకు వినబడింది.

తర్వాత ఇంజనీర్లు వచ్చి చూశారు. తలుపు అదురుకు దూలాల మీది పొడి దీపం మీద రాలిందన్నారు. నేనైనా అదే రాసేవాణ్ణి. కానీ మేము బయటికి రాకపోతే తలుపు పడేది కాదు. తలుపు పడకపోతే పొడి అక్కడే ఉండేదా, హారతి మంటకే అంటుకునేదా? ఆ మాట వాళ్లను అడిగాను. చెప్పలేమన్నారు.

పెంచలయ్య ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడు. ఎప్పుడు ఎదురుపడినా నన్ను పక్కకు తీసుకెళ్లి ఒకటే అడుగుతాడు.

"అన్నా, మీ అందరినీ పేరుపేరునా పిలిచినారే, నన్నెందుకు పిలవలా? నేను పోయినా పర్లేదనా?"

"నువ్వు తిట్టుకుంటూ ఎటూ వస్తావని తెలిసుంటుందిలే" అని నవ్వించబోతాను. అతను నవ్వడు.

ఆ రోజు దీపానికి అందరికంటే దగ్గరగా నిలబడింది అతనే.