చిలకలపూడి దాకా మంచినీళ్ళు

గుడివాడ నుంచి బందరు వెళ్ళే పొద్దుటి పాసింజరులో రెండో పెట్టె ఎక్కితే హైమావతిని చూడకుండా దిగడం కష్టం. కిటికీ పక్క సీటు ఆవిడది. ఒళ్ళో గుడ్డసంచీ, అందులోంచి మెడ బయటపెట్టి చూస్తూ ఒక స్టీలు బాటిల్ ఉంటాయి. ఎవరిదో గృహప్రవేశంలో భోంచేసి వస్తుంటే తాంబూలంతోపాటు చేతిలో పెట్టిన బాటిలది. ఆ దంపతుల పేర్లు దానిమీద మిషనుతో కొట్టించి ఉన్నాయి. కిందపడీ పడీ నడుం దగ్గర సొట్టలు పోయింది. అయినా హైమావతి దాన్ని తళతళలాడేలా తోమి, కాచి చల్లార్చిన నీళ్ళు నింపుకునిగానీ గడప దాటదు.

ఆవిడ పని చిలకలపూడిలో, రోల్డుగోల్డు నగల వర్క్‌షాపులో. నెక్లెసులకీ జుంకాలకీ ఎర్రరాళ్ళు, తెల్లరాళ్ళు అతికిస్తుంది. అక్కడి బోరునీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగులుతాయి. అందుకని ఇంటినీళ్ళు మోసుకెళ్తుంది. మోసుకెళ్తుందని పేరేగానీ, ఆ నీళ్ళు చిలకలపూడి చేరిన రోజంటూ లేదు.

బండి గుడివాడ దాటగానే పిచ్చేశ్వరరావు చెయ్యి చాచేవాడు. బందరులో ఏదో ఆఫీసులో అటెండరాయన. బీపీ మాత్ర ఇంట్లో అయితే మర్చిపోతానని బండిలో వేసుకుంటాడు. మాత్ర గుర్తుండేది, నీళ్ళు తెచ్చుకోవడం మాత్రం ఒక్కనాడూ గుర్తుండేది కాదు. గుడ్లవల్లేరులో నర్సు మేరీ ఆయాసపడుతూ ఎక్కేది. ఆ ఆయాసానికి రెండు గుక్కలు. కవుతరంలో సత్యవతమ్మ అప్పడాల బుట్టతో ఎక్కేది. ఆవిడకి శుభ్రం ఎక్కువ. "పెళ్ళయి నలభై ఏళ్ళయింది, మా ఆయన ఎంగిలి కాఫీ కూడా ఎరగను నేను" అని గొప్పగా చెప్పుకునే మనిషి. బాటిల్ చేత్తో కూడా ముట్టుకోదు. దోసిలి పట్టి, "పొయ్యవే హైమా" అంటే, హైమావతి పైనుంచి ధార కట్టి పోసేది. ఇక పక్క సీట్ల పిల్లలూ, వేరుశనక్కాయలమ్ముకునేవాళ్ళూ, పెదన దిగే బ్లాకుప్రింటు పనివాళ్ళూ, ఎవరి వంతు వాళ్ళది.

మన వైపు నీళ్ళు తాగే పద్ధతి తెలిసిందేగా. బాటిల్ ఎవరిదైనా సరే, మూతికి తగలకుండా ఎత్తి గొంతులో పోసుకోవాలి. తగిలిందా, అది ఎంగిలి. లోపలున్న నీళ్ళన్నీ ఆ తగిలించినవాళ్ళ సొంతం. మన వాళ్ళు ఈ ఎత్తిపోసుకునే విద్యలో ఎంత ఆరితేరారంటే, కుదుపుల బండిలో కూడా ఒక్క చుక్క చొక్కా మీద పడనివ్వరు. అందువల్ల హైమావతి బాటిల్ పెట్టె అంతా తిరిగి కూడా పెదన దాకా శుభ్రంగానే ఉండేది. పెదన దాటాక మరీ శుభ్రంగా, ఖాళీగా ఉండేది.

నీళ్ళడిగితే లేదనకూడదని వాళ్ళమ్మ చెప్పిందట. అమ్మలు చెప్పినవాటిలో మనం గాలికొదిలేసేవి వంద, పట్టుకుని వేలాడేది ఒకటి. హైమావతి ఈ ఒక్కదాన్ని పట్టుకుంది. బదులుగా ఆవిడకి దొరికేది తక్కువేమీ కాదు. మేరీ జడలోంచి విరిచిచ్చే మల్లెపూలు, సత్యవతమ్మ కాగితంలో చుట్టి పెట్టే విరిగిన అప్పడాలు, గుడివాడ నుంచి బందరు దాకా ఉన్న సమస్త కబుర్లు. ఆ గంటన్నర ప్రయాణం ఆవిడకి రోజు మొత్తంలో ఇష్టమైన భాగం. ఇంట్లో పని, వర్క్‌షాపులో పని, మధ్యలో ఇదొక్కటే పండగ.

మాఘమాసంలో ఒక ఆదివారం పిండి రుబ్బుతున్న మనిషి నడుం పట్టుకుని అక్కడే కూలబడింది. గుడివాడలో డాక్టరుగారు స్కానింగ్ తీయించి, కిడ్నీలో రాళ్ళన్నారు. నొప్పి పుట్టించిన రాయి దానంతటదే జారిపోయింది. ఇంకోటి, చిన్నది, లోపలే కూర్చుంది.

"నీళ్ళు బాగా తాగితే అదీ పోతుందమ్మా. తాగకపోతే పెరుగుతుంది, అప్పుడు ఆపరేషనే. ఎండాకాలం అయ్యాక మళ్ళీ చూద్దాం. అసలు పొద్దుట్నించీ సాయంత్రం దాకా ఎన్ని తాగుతున్నావు నువ్వు?"

హైమావతి లెక్క వేసుకుంది. లెక్క వేయడానికి ఏమీ లేదని అప్పుడే తెలిసింది. సూది చూస్తేనే కళ్ళు మూసుకునే మనిషి, ఆపరేషనన్న మాటకి కూడా కళ్ళు మూసేసుకుంది.

భర్త ఉమాశంకర్‌కి మోటార్లకి వైండింగ్ చేసే షాపుంది. వేళాకోళం లేనిదే మాట్లాడలేడు. "పొద్దస్తమానం చేతిలో రాళ్ళు చాల్లేదా హైమా, కడుపులో కూడా పెట్టుకున్నావు?" అన్నాడు. అని, ఆ సాయంత్రమే బజారుకెళ్ళి ఇంకా పెద్ద స్టీలు బాటిల్ కొనుక్కొచ్చాడు. భయం అతనికీ ఉందన్నమాట.

పెద్ద బాటిల్ తెచ్చిందని పెట్టె అంతా సంతోషించింది. ఇదివరకు మొహమాటపడి అడగనివాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టారు. పెదన దాటేసరికి అదీ ఖాళీ. తర్వాత చిన్నబాటిల్ ఒకటి క్యారేజీ అడుగున దాచి చూసింది. ఎవరో పసిపిల్ల దాహమనేసరికి దాచిన చెయ్యే బయటికి తీసిచ్చింది.

"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమన్నారు. నీకు నోరు లేదా? నాకు బాలేదు, ఇవ్వలేనని చెప్పు" అన్నాడు ఉమాశంకర్.

"బాలేదని చెప్పుకుని నీళ్ళు దాచుకోవాలాండీ? ఏవనుకుంటారు?"

కూతురు మాధురి డిగ్రీ రెండో సంవత్సరం. ఈ గొడవంతా ఫోన్లోంచి తలెత్తకుండా విని, నాలుగోనాడు ఒక పార్సిల్ తెప్పించింది. ఆకుపచ్చ రంగేసిన స్టీలు బాటిల్. రెండు పొరలది, సాయంత్రం దాకా నీళ్ళు చల్లగా ఉంచుతుంది. అసలు సంగతి మూతలో ఉంది. మూత మీద నొక్కితే గొట్టం లేస్తుంది, దాన్ని నోట్లో పెట్టుకుని పీల్చుకోవాలి.

"నువ్వు లేదనలేవు కదమ్మా. అనొద్దు. వాళ్ళే అడక్కుండా చేద్దాం. కూర్చోగానే అందరూ చూస్తుండగా ఒక గుక్క పీల్చెయ్. అంతే."

ఈ ఉపాయం ఇంకెక్కడైనా పనిచేస్తుందో లేదోగానీ, కృష్ణాజిల్లాలో మాత్రం తాళం వేసినట్టే. మర్నాడు హైమావతి సిగ్గుతో చచ్చిపోతూ గొట్టం నోట్లో పెట్టుకుంది. మాత్ర అరచేతిలో పెట్టుకుని సిద్ధంగా ఉన్న పిచ్చేశ్వరరావు చూశాడు.

"చెల్లెమ్మా, నీళ్ళు..."

"ఎంగిలయ్యాయండీ అన్నయ్యగారూ" అంది కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆయన మాత్ర ఉత్తినే మింగి, కాసేపు గొంతు సవరించుకున్నాడు. కవుతరంలో సత్యవతమ్మ ఎక్కి, దోసిలి పట్టబోయి, గొట్టం చూసి చేతులు కొంగుకి తుడుచుకుంది. ఎవరైనా ఒక్క మాట అని ఉంటే బాగుండేది.

ఆ రోజు నుంచి నీళ్ళు చిలకలపూడి చేరుతున్నాయి. చల్లగా, నిండుగా చేరుతున్నాయి. హైమావతి మందు తాగినట్టు తాగుతోంది. పెట్టెలో జనం తలో ప్లాస్టిక్ బాటిల్ కొనుక్కోవడం మొదలెట్టారు. కబుర్లు నెమ్మదిగా అవతలి సీట్ల వైపు జరిగిపోయాయి. మల్లెపూలు రావడం మానలేదుగానీ, ఇచ్చి మేరీ అక్కడ నిలబడటం మానేసింది. తను దాచుకున్నవి నీళ్ళే అయినా దూరమైంది మనుషులని హైమావతికి తెలుస్తూనే ఉంది. ఏడుపొచ్చేది. గొట్టం నోట్లో పెట్టుకుంటే ఏడవడం కూడా కుదరదు.

మే నెల వచ్చింది. ఒకరోజు బండి వడ్లమన్నాడు దాటి పొలాల మధ్య ఆగిపోయింది. ఈదురుగాలికి తాటిమట్ట ఒకటి ఎగిరొచ్చి కరెంటు తీగల మీద పడిందట. ఫ్యాన్లు ఆగాయి. ఎండ నడినెత్తికొచ్చినా బండి కదల్లేదు. మినుము తీసేసిన చేలు రెండు వైపులా ఎండిపోయి నెర్రెలిచ్చి ఉన్నాయి. చూస్తుండగానే ప్లాస్టిక్ బాటిళ్ళన్నీ ఖాళీ అయ్యాయి, మిగిలినవి వేడినీళ్ళయ్యాయి, ఆ వేడినీళ్ళూ అయిపోయాయి.

సత్యవతమ్మ తల బుట్ట మీదికి వాలింది. మేరీ పరిగెత్తుకొచ్చి నాడి చూసింది.

"నాలుక పిడచకట్టుకుపోయింది. ఎవరి దగ్గరైనా నీళ్ళుంటే ఇవ్వండి, త్వరగా!"

పెట్టెలో ఉన్నవాళ్ళందరూ ఆకుపచ్చ బాటిల్ వైపు చూశారు. చూసి, మర్యాదగా చూపులు తిప్పుకున్నారు. మనవాళ్ళ మర్యాద ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

హైమావతి లేచి వెళ్ళి సత్యవతమ్మ పక్కన కూర్చుంది. మూత విప్పబోయింది. విప్పి పోసినా ఎంగిలి ఎంగిలేగా. "పిన్నిగారూ, నీళ్ళున్నాయి. కానీ ఇవి నా ఎంగిలండీ" అంది.

సత్యవతమ్మ కళ్ళు సగం తెరిచింది. బాటిల్ని చూసింది. రెండు చేతులతో లాక్కుని, గొట్టం నోట్లో పెట్టుకుని, పాలు తాగే పిల్లలా కళ్ళు మూసుకుని పీల్చడం మొదలుపెట్టింది. నెమ్మదిగా అని మేరీ అంటున్నా ఆపలేదు. పిచ్చేశ్వరరావు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. తాగడం అయ్యాక ఆవిడ మూతి తుడుచుకుని, ఊపిరి తీసుకుని, మొట్టమొదట అన్న మాట ఇదీ:

"ఇంత చల్లగా ఉన్నాయేవిటే! ఇన్నాళ్ళూ ఇవి పెట్టుకుని మాకొక్క చుక్క పొయ్యకుండా ఎలా కూర్చున్నావే?"

హైమావతి నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూ మొత్తం చెప్పేసింది. రాయి సంగతి, ఆపరేషను భయం, పెద్దబాటిల్, దాచిన బాటిల్, మాధురి తెప్పించిన గొట్టం బాటిల్, అన్నీ.

"మా మీద విసుగొచ్చిందనుకున్నాం చెల్లెమ్మా. రోజూ నీళ్ళు లాగేస్తున్నాం కదా, పైకి చెప్పలేక ఇలా చేశావేమోనని..." అన్నాడు పిచ్చేశ్వరరావు తల దించుకుని.

"చాల్లెండి మీరొకరు. బీపీ ఉన్నవాడు బాటిల్ తెచ్చుకోవద్దూ?" అని ఆయన్ని ఒక దులుపు దులిపి, సత్యవతమ్మ హైమావతి వైపు తిరిగింది. ఇందాక పడిపోయిన మనిషేనా అనిపించేలా గొంతు లేచింది. "నీకు నోరు దేనికిచ్చాడే దేవుడు? అడగందే అమ్మయినా పెట్టదు. మేం గడగడా తాగేస్తుంటే నాక్కూడా కాసిని ఉంచండని ఒక్కమాట అనుంటే ఏం పోయేది? ఇవ్వడం వచ్చుగానీ పుచ్చుకోవడం రాదేం నీకు?"

మేరీ హైమావతి భుజం చుట్టూ చెయ్యి వేసి అక్కడే కూర్చుంది. బండి కదిలేదాకా లేవలేదు.

మర్నాటి నుంచి రెండో పెట్టె రూపు మారిపోయింది. పిచ్చేశ్వరరావు భుజాన తాడుతో స్టీలు బాటిల్ వేలాడేసుకొచ్చాడు, కొత్తగా బళ్ళో చేరిన పిల్లాడికి మల్లే. మేరీ నీలంరంగుది తెచ్చింది. సత్యవతమ్మ బందరు కోనేరు సెంటర్లో కొట్టువాడితో బేరమాడి బేరమాడి, వాడు దండం పెట్టాక, రంగూ గొట్టమూ ఏమీ లేని వెడల్పు మూతిది ఒకటి కొనుక్కుంది. హైమావతి నీళ్ళ బాధ్యత పెట్టె మొత్తం నెత్తినేసుకుంది. నూజెళ్ళ వస్తే "తాగు". గుడ్లవల్లేరు వస్తే "తాగు". కవుతరంలో సత్యవతమ్మ ఎక్కుతూనే బాటిల్ ఊపి చూసి, బరువుంటే తిట్టేది. చిలకలపూడిలో దిగిన హైమావతి వర్క్‌షాపులోకి ఎంత పరుగున వెళ్ళేదంటే, పని మీద ఎంత శ్రద్ధో అని యజమాని మురిసిపోయేవాడు. ఆవిడ పరిగెత్తేది బాత్రూముకని ఆయనకెవరూ చెప్పలేదు.

ఎండలు తగ్గాక స్కానింగ్ తీశారు. రాయి లేదు. డాక్టరుగారు రెండుసార్లు చూసి మరీ చెప్పారు. మర్నాడు హైమావతి బందరు లడ్డూల పెట్టె తెచ్చి బండంతా పంచింది. పంచుతూ పంచుతూ మొదటి పెట్టెలోకి కూడా వెళ్ళిపోతే, "బండి డ్రైవరుకి కూడా పెట్టొస్తావా ఏం? ఇలా రా" అని సత్యవతమ్మ కేకేసింది.

శ్రావణంలో ఒకరోజు ఇంట్లో కరెంటు పోయి, ఆ హడావుడిలో హైమావతి బాటిల్ వంటగట్టు మీదే మర్చిపోయి వచ్చింది. సంచీలో చెయ్యి పెట్టాకగానీ తెలియలేదు. ఆ పొద్దున పెట్టెలో ఎవరింటి పెళ్ళిచూపుల కబురో జోరుగా నడుస్తోంది, తాగమని గుర్తుచేసేవాళ్ళు కూడా ఆ కబుర్లో మునిగిపోయారు. గొంతు ఎండుతోంది. కవుతరం వెళ్ళిపోయింది. ఇంకెంత, చిలకలపూడి వచ్చేస్తుందిలే అనుకుంది. ఇన్నేళ్ళూ అలాగే అనుకుంటూ వచ్చింది ఆవిడ. ఈ పెట్టెలో ఎంతమందికి పోసిందో లెక్కలేదుగానీ, ఎవర్నీ ఒక్క గుక్క అడిగిన పాపాన పోలేదు. అడగబోయి రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. నవ్వొచ్చింది కూడా. నీళ్ళేగా!

"పిన్నిగారూ" అంది. కబుర్లు ఆగాయి. "బాటిల్ మర్చిపోయొచ్చాను. దాహంగా ఉంది. కాసిని మంచినీళ్ళిస్తారా?"

అటునుంచి రెండు, ఇటునుంచి మూడు, వెనక సీట్లోంచి తలల మీదుగా ఇంకొకటి, స్టీలు బాటిళ్ళన్నీ ఆవిడ ముందుకొచ్చేశాయి. సత్యవతమ్మ అందర్నీ మోచేత్తో తోసేసి నిలబడింది. "దోసిలి పట్టు" అంది. హైమావతి దోసిలి పట్టింది. పొయ్యడం సత్యవతమ్మకేం అలవాటు, వెడల్పు మూతి బాటిల్ని ఒక్కసారిగా వంచేసింది. సగం నీళ్ళు దోసిట్లో పడ్డాయి, సగం హైమావతి మొహమ్మీద, జాకెట్టు మీద, పక్కనున్న పిచ్చేశ్వరరావు ఇస్త్రీ ప్యాంటు మీద పడ్డాయి. పెట్టె పెట్టెంతా గొల్లుమంది.

తడిసిన మొహంతో హైమావతి కూడా పగలబడి నవ్వి, ఇంకాసిని పొయ్యమని మళ్ళీ దోసిలి పట్టింది.